ధైర్యం రాకముందే ధైర్యంగా పనిచేయడం: ఒక ఇన్‌ఛార్జ్ సిస్టర్ కేసు

ఆమె వయసు 32. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి చాలా ఏళ్లుగా ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. కోస్తాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డుకు, దాన్ని ఆనుకుని ఉన్న హెచ్‌డీయూకు (ఐసీయూ అంత కాకపోయినా దగ్గరుండి గమనించవలసిన రోగులను ఉంచే విభాగం) ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా పదోన్నతి వచ్చి కొన్ని నెలలైంది. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. డ్యూటీకి బయలుదేరే ముందు కడుపులో తిప్పుతుంది. ఇన్‌ఛార్జ్ బాధ్యత వద్దని లేఖ రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించిన ఫిజీషియన్, వాటిలో తేడా ఏమీ లేదని తేల్చుకుని, మానసిక చికిత్స చేసే నా దగ్గరికి పంపారు.

గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలన్నీ మార్చాను. ఒకే రకం ఇబ్బందితో వచ్చిన వేర్వేరు వ్యక్తుల అనుభవాలను ఒక్క మనిషిగా కూర్చి రాస్తున్నాను. పనిచేసిన పద్ధతి మాత్రం ఉన్నది ఉన్నట్టే.

కొత్తగా బాధ్యత మీద పడ్డవాళ్లు చాలామంది ఒకే సలహా పట్టుకుని నా దగ్గరికి వస్తారు: ధైర్యం లేకపోయినా ఉన్నట్టు నటించు, కొన్నాళ్లకు అదే వస్తుంది. ఈ సలహాలో నిజం ఉంది. నా వృత్తిలో నేను రోజూ వాడే పద్ధతుల్లో కొన్ని దాని మీదే నిలబడ్డాయి. కానీ ఏది నటించవచ్చో, ఏది ఎప్పటికీ నటించకూడదో చెప్పకుండా ఆ సలహా ఇస్తే అది మనిషిని దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలోనైతే దెబ్బ రోగికే తగలవచ్చు. ఈ కేసులో రెండు రకాల నటనా ఒకే మనిషిలో ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి.

నటన అప్పటికే మొదలైంది

మొదటిసారి వచ్చినప్పుడు ఆమెలో బెరుకు పైకి కనిపించలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. గట్టిగా, కాస్త వేగంగా మాట్లాడింది. నేను ఏది అడిగినా ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పింది. సుమారు అరగంట తర్వాత, వార్డులో కూడా ఇలాగే మాట్లాడతారా అని అడిగాను. అప్పుడు గొంతు మారింది.

"ఇదంతా బింకం మేడమ్. నాది మేకపోతు గాంభీర్యం. ఎవరో ఒకరు, ఏదో ఒకరోజు కనిపెట్టేస్తారు. ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది నా బతుకు."

పదోన్నతి వచ్చిన వారంలోనే ఫోనులో వీడియోలు చూసి కొన్ని నేర్చుకుంది. డ్యూటీ ఎక్కే ముందు బాత్‌రూములో అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని కాళ్లు ఎడంగా ఉంచి రెండు నిమిషాలు నిలబడాలి. గొంతు పెంచాలి. "తెలియదు" అనే మాట నోటి నుంచి రానివ్వకూడదు. మూడూ నిష్ఠగా పాటించింది.

నిలబడే భంగిమ సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే ఇది నన్ను చాలామంది అడుగుతారు. 2010లో అమెరికాలో 42 మందితో చేసిన ఒక ప్రయోగంలో, అలాంటి విశాలమైన భంగిమల్లో ఉంటే శరీరంలో హార్మోన్లు కూడా మారతాయని తేలినట్టు ప్రకటించారు. అది ప్రపంచమంతా పాకింది. 2015లో వేరే పరిశోధకులు 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో మార్పు కనిపించలేదు. మనిషికి కాసేపు కాస్త బలంగా అనిపించడం మాత్రం కనిపించింది. మొదటి పరిశోధన రాసిన వాళ్లలో ప్రధాన రచయిత్రి 2016లో, ఆ ఫలితం నిజమని తాను ఇప్పుడు నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించారు. శాస్త్రంలో అలాంటి నిజాయితీ అరుదు, గౌరవించదగ్గది. కాబట్టి అద్దం ముందు నిలబడటం వల్ల హాని లేదు. కానీ వార్డు నడపడానికి అది చాలదు.

ఆమెకు జరిగిన హాని మిగతా రెండింటి వల్ల.

రాత్రి డ్యూటీలో కన్సల్టెంటుకు ఫోన్ చేయవలసి వస్తే ఆమె ఏం చేసేదో అంచెలంచెలుగా చెప్పమన్నాను. మొదట, ఎవరూ లేని లినెన్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసేది. చేతికి దొరికిన పాత మందుల చీటీ వెనక చెప్పవలసిన వాక్యం రాసుకునేది. పెదాలు కదుపుతూ చదువుకునేది. ఈలోగా పేషెంటు పరిస్థితి మారి ఉంటుందేమోనని బెడ్ దగ్గరికి వెళ్లి మళ్లీ బీపీ చూసేది. అంకె మారితే రాసుకున్న వాక్యం పనికిరాదు, మళ్లీ లినెన్ గది. చివరకు ఫోన్ కలిపాక ఊపిరి తీసుకోకుండా ఒక్క గుక్కలో అప్పజెప్పేది. అవతల నుంచి ఒక్క ప్రశ్న వచ్చినా, నిజంగా తెలిసినా తెలియకపోయినా, ఏదో ఒక జవాబు వెంటనే ఇచ్చేది. ఫోన్ పెట్టేశాక ఆర్డరు ఏమిటో సగమే గుర్తుండేది, ఎందుకంటే వింటున్నంతసేపూ ఆమె ధ్యాస తన గొంతు వణుకుతోందా లేదా అన్న దాని మీదే ఉండేది.

అసలు ఆమె నా దగ్గరికి రావడానికి కారణం వేరే సంఘటన. ఒక పేషెంటుకు పొటాషియం తగ్గిందని డాక్టరు 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించమని కేస్ షీట్‌లో రాశారు. ఎంతసేపట్లో అన్నది స్పష్టంగా లేదు. కొత్తగా చేరిన జూనియర్ సిస్టర్ వచ్చి అడిగింది. ఈమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. కానీ తెలియదు అనకూడదు కదా. "గంటలో పోనివ్వు" అంది, తడుముకోకుండా, గట్టిగా. చేతి నరం ద్వారా ఎక్కించేటప్పుడు గంటకు 10కి మించకూడదన్నది వార్డుల్లో సాధారణంగా పాటించే హద్దు. అంతకంటే వేగంగా వెళితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ జూనియర్ గోడకు అంటించిన చార్టు చూసుకుని వెనక్కి వచ్చి, "రెండు గంటలని ఉంది అక్కా" అంది మెల్లగా.

పేషెంటుకు ఏమీ కాలేదు. ఈమె ఆ రాత్రంతా నిద్రపోలేదు. "తెలియదు అని ఉంటే ఒక్క నిమిషం పోయేది మేడమ్. తెలిసినట్టు చెప్పాను. ఆ పిల్ల నా గొంతు నమ్మి ఉంటే?"

నా అంచనా

ఆందోళన తీవ్రతను కొలిచే ఏడు ప్రశ్నల జీఏడీ-7 పట్టికలో ఆమెకు 21కి 14 వచ్చింది. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవలసిన స్థాయి అని లెక్క. డిప్రెషన్ లక్షణాలు తక్కువ. బాధ దాదాపుగా ఉద్యోగం చుట్టూనే తిరుగుతోంది.

ఇక్కడ రెండు పాత పరిశోధనలు నాకు దారి చూపాయి. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు, బాగా చదువుకుని పైకి వచ్చిన 150 మందికి పైగా స్త్రీలతో పనిచేసిన అనుభవాన్ని రాశారు. అన్ని అర్హతలూ ఉండి కూడా వాళ్లలో చాలామంది తాము అందరినీ మోసం చేసి ఆ స్థానంలో కూర్చున్నామని లోలోపల నమ్మేవారు. విజయం వస్తే అదృష్టమనో, ఎవరో పొరబడ్డారనో అనుకునేవారు. విజయాలు ఎన్ని వచ్చినా ఆ నమ్మకం కరగకపోవడమే అందులోని చిక్కు.

అది ఎందుకు కరగదో 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ సామాజిక భయం మీద ఇచ్చిన వివరణతో నాకు బాగా అర్థమైంది. భయపడే మనిషి భయం బయటపడకుండా కొన్ని రక్షణలు పెట్టుకుంటాడు: ముందే వాక్యాలు వల్లించడం, వేగంగా మాట్లాడటం, చేతులు వణకకుండా బిగించి పట్టుకోవడం. అనుకున్న ఉపద్రవం జరగదు. కానీ ఆ ఘనత రక్షణ ఖాతాలో పడుతుంది, మనిషి ఖాతాలో పడదు. "వాక్యం రాసుకున్నాను కాబట్టి బయటపడ్డాను" అనుకుంటుంది ఆమె. మరుసటి రాత్రి వాక్యం లేకుండా ఫోన్ చేసే ధైర్యం ఇంకా తగ్గుతుంది. పైగా ధ్యాసంతా తన మీదే ఉండటం వల్ల అవతలివాళ్లు నిజంగా ఎలా స్పందించారో చూసే అవకాశమే ఉండదు.

కాబట్టి ఆమె నేర్చుకున్న "ధైర్యం నటించడం" చికిత్స కాదు, రోగంలోనే ఒక భాగం. అది దాక్కోవడానికి వేసుకున్న ముసుగు. ముసుగు ఎంత బాగా అమిరితే, అది జారిపోతుందన్న భయం అంత పెరుగుతుంది.

నటనే వద్దని, మనసులో ఉన్నది ఉన్నట్టు చూపించమని చెప్పవచ్చు కదా? చెప్పలేం. అర్ధరాత్రి హెచ్‌డీయూలో ఇన్‌ఛార్జ్ సిస్టర్ చేతులు నలుపుకుంటూ నిలబడితే జూనియర్లు చెదిరిపోతారు, పేషెంటు తాలూకు వాళ్లు బెంబేలెత్తుతారు. పని ఆగదు, భయం పోయేదాకా వేచి ఉండదు. ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన మాట ఇక్కడ కీలకం: నేను చేయగలను అన్న నమ్మకానికి ఉన్న ఆధారాలన్నిటిలో బలమైనది స్వయంగా చేసి చూడటం. మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎవరైనా భరోసా ఇవ్వడం, ఒంట్లో కలిగే దడను అర్థం చేసుకునే తీరు, ఇవన్నీ దాని తర్వాతే. అంటే నమ్మకం వచ్చాక పని కాదు, పని చేశాక నమ్మకం. ఆ మధ్యలో ఉన్న రోజులు ఎలాగైనా ధైర్యం లేకుండానే గడవాలి. వాటిని దేని ఆసరాతో గడపాలన్నదే ప్రశ్న.

భయంలో న్యాయమైన భాగం

ఇలాంటి కేసుల్లో నేను మొదట చేసే పని, నీకు అన్నీ వచ్చు, అనవసరంగా భయపడుతున్నావు అని ఓదార్చకుండా ఉండటం. అది నిజమో కాదో నాకు తెలియదు కదా. ఆమెనే కూర్చోబెట్టి, ఇన్‌ఛార్జ్ చేయవలసిన పనులన్నీ రాయించాను. ఒక్కో పని పక్కన మూడింటిలో ఒకటి పెట్టమన్నాను: ఇంకొకరికి నేర్పగలను, చేయగలను, సాయం కావాలి.

రాసేటప్పుడు ఆమె ముఖం చూడవలసింది. డ్రెస్సింగ్, డ్రెయిన్ల లెక్క, సెంట్రల్ లైన్ సంరక్షణ, రక్తం ఎక్కించేటప్పుడు చూడవలసినవి, ఆపరేషన్ తర్వాతి మొదటి 24 గంటలు, డ్యూటీ రోస్టర్, స్టాక్ రిజిస్టర్: దాదాపు అన్నీ మొదటి రెండు గడుల్లోనే పడ్డాయి. "సాయం కావాలి" గడిలో కొన్నే మిగిలాయి. వెంటిలేటర్ సెట్టింగులు, ఏబీజీ రిపోర్టు (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఆమ్ల స్థాయి చూపే పరీక్ష) చదవడం, ఎక్కువ ప్రమాదం ఉన్న మందుల మోతాదులు నోటికి చెప్పడం, సీనియర్ డాక్టరుతో విభేదించడం.

మొదటి రెండూ ఆమెకు ఎవరూ నేర్పలేదు. వార్డు నుంచి నేరుగా హెచ్‌డీయూ బాధ్యత అప్పగించారు, మధ్యలో శిక్షణ ఏమీ లేదు. అక్కడ ఆమె భయం న్యాయమైనది. దాన్ని మనసు నుంచి తీసేయడం నా పని కాదు, తీసేయగలిగినా తీయకూడదు. ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది: మన ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, కార్యాలయాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, ఇవ్వవలసిన శిక్షణ ఇవ్వకుండా "మీలో ఆత్మవిశ్వాసం తక్కువ" అని వేలెత్తి చూపడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. లోటు శిక్షణలో ఉంటే మందు శిక్షణే. ఆమె తన నర్సింగ్ సూపరింటెండెంటును అడిగి, వారానికి రెండు రోజులు డ్యూటీ అయ్యాక ఐసీయూలో ఒక సీనియర్ సిస్టర్ పక్కన కూర్చునే ఏర్పాటు చేసుకుంది. అడగడానికి ఆమెకు రెండు వారాలు పట్టింది. ఆవిడ వెంటనే ఒప్పుకుంది.

మూడోదానికి, మందుల మోతాదులకు, అసలు శిక్షణే అక్కరలేదు. పొటాషియం, ఇన్సులిన్, హెపారిన్ లాంటివి ఎంత సీనియర్ అయినా చార్టు చూసి, ఇంకొకరితో సరిచూసుకుని ఇవ్వవలసినవే. జ్ఞాపకం నుంచి చెప్పడం నేర్పు కాదు. ఆమె ఇన్నాళ్లూ దేన్ని తన అసమర్థత అనుకుందో అది సరైన వృత్తి పద్ధతి. ఇది విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

పాత్ర రాసుకోవడం

ఆమెతో నేను వాడిన పద్ధతి అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీది. 1955లో ఆయన దీన్ని వివరంగా ప్రచురించారు. అంతకుముందు ఒక చిన్న కాలేజీలో విద్యార్థుల చేత నాటకాలు వేయించిన అనుభవం ఆయనకు ఉంది. పద్ధతి ఇలా సాగుతుంది. మొదట క్లయింటు తన గురించి తానే, బాగా తెలిసిన ఒక స్నేహితురాలు సానుభూతితో రాస్తున్నట్టుగా, ఒక వర్ణన రాయాలి. దాన్ని చదివి ఇద్దరం కలిసి వేరే పేరున్న ఇంకో మనిషి వర్ణన తయారుచేస్తాం. ఆ మనిషిని క్లయింటు సుమారు రెండు వారాలు నిత్యజీవితంలో పోషించాలి, చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పకుండా. గడువు అయ్యాక ఆ పాత్ర సెలవు తీసుకుంటుంది. ఆ మనిషిలా మారిపొమ్మని కాదు. ఇంకోలా ఉండటం సాధ్యమేనని ఒంటితో తెలుసుకోవడానికి.

కెల్లీ పద్ధతిలో చాలామంది పట్టించుకోని ఒక షరతు ఉంది. కొత్త పాత్ర పాత మనిషికి నేరుగా వ్యతిరేకం కాకూడదు. పిరికివాడికి వీరుడి పాత్ర ఇవ్వకూడదు. ఎందుకంటే పిరికితనం, వీరత్వం రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. ఆ తాడు మీద నడిచినంతకాలం మనిషి తనను "ఎంత ధైర్యంగా ఉన్నాను" అని కొలుచుకుంటూనే ఉంటాడు. పాత్ర పూర్తిగా వేరే దిక్కున ఉండాలి.

ఆమె మొదట రాసుకొచ్చింది సరిగ్గా అలాంటి వీరనారినే. ఎవరికీ తలవంచదు, అన్నీ తెలుసు, మాటకు తిరుగులేదు. అది చదివి, ఈవిడ మీ వార్డులో చేరితే మీకు నచ్చుతుందా అని అడిగాను. నచ్చదంది. ఈవిడ కింద పనిచేసే జూనియర్ పొటాషియం గురించి వెనక్కి వచ్చి చెప్పగలదా అన్నాను. చెప్పలేదంది, చెప్పి కాగితం తానే మడిచేసింది.

తర్వాత మేము ధైర్యం అన్న మాట పక్కన పెట్టి, ఆమె నిజంగా మెచ్చుకున్న నర్సుల గురించి మాట్లాడుకున్నాం. చదువుకునే రోజుల్లో చూసిన ఒక వార్డు సిస్టర్ ఆమెకు గుర్తొచ్చింది. ఆవిడకు కుతూహలం ఎక్కువట. ఎవరినైనా, ఏదైనా అడిగేసేదట, ప్రొఫెసర్లను సైతం. ఆ దారిలో పాత్ర తయారైంది. దానికి పేరు ఆమే పెట్టుకుంది; ఇక్కడ "ఆ సిస్టర్" అని రాస్తాను. ఆమె నోటుపుస్తకంలో రాసుకున్న వర్ణనలో ముఖ్యమైన భాగం ఇది, రాసినవారి అనుమతితో:

"ఆ సిస్టర్‌కు పేషెంటు విషయంలో ప్రతిదీ తెలుసుకోవాలని ఉంటుంది. తెలియనిదాన్ని దాచుకోవడం ఆమెకు అలవాటు లేదు, 'ఇది నాకు తెలియదు, చూసి చెబుతాను' అని మామూలు గొంతుతో అంటుంది, వెంటనే వెళ్లి చూస్తుంది. నడకలో తొందర ఉండదు. ఎవరైనా మాట్లాడుతుంటే చివరిదాకా వింటుంది, వాళ్ల ముఖం చూస్తుంది. ఫోన్ చేసేటప్పుడు తన పేరు, బెడ్ నంబరు ముందు చెబుతుంది. క్షమాపణతో మొదలుపెట్టదు, ఎందుకంటే పేషెంటు కోసం ఫోన్ చేయడం ఎవరికీ చేసే అపకారం కాదు. ఎవరైనా విసుక్కుంటే, వాళ్లకు నిద్ర చాలలేదేమో అనుకుంటుంది, అడగవలసింది మాత్రం అడుగుతుంది. ఇంట్లో కూడా తనకు కావలసినది మెత్తగా, సూటిగా చెబుతుంది."

ఈ పాత్రలో నటించవలసినది నడక, గొంతు, చూపు, వాక్యం మొదలుపెట్టే తీరు. జ్ఞానం ఒక్క చుక్క కూడా నటించనవసరం లేదు. నిజానికి జ్ఞానం నటిస్తే పాత్ర తప్పినట్టే. నేను ఇలాంటి పాత్రలు రాయించేటప్పుడు గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని మీదే.

పాత్ర వేయడమంటే మళ్లీ మోసమే కదా అని ఆమెకు సందేహం వచ్చింది. జవాబు కూడా తనే తెచ్చుకుంది. వాళ్ల నాన్న ఊళ్లో పద్యనాటకాల్లో అర్జునుడి వేషం కట్టేవారట. ముఖానికి రంగు వేసుకునేటప్పుడు చేతులు వణికేవట, కిరీటం పెట్టుకున్నాక కూడా మంచినీళ్లు అడుగుతూనే ఉండేవారట. పద్యం ఎత్తుకున్నాక వణుకు సంగతి ఆయనకే గుర్తుండేది కాదు. "పద్యం మాత్రం నిజంగా వచ్చు మేడమ్ ఆయనకు. ఏడాదిపాటు హార్మోనియం మాస్టారి దగ్గర నేర్చుకున్నారు. వేషం వేసుకున్నంత మాత్రాన రాగం రాదు కదా." నేను వివరించబోయినదంతా ఆమే చెప్పేసింది.

రిహార్సల్

గదిలో మేము ఎక్కువసేపు సాధన చేసింది ఫోన్ కాల్. ఆసుపత్రుల్లో ఎస్-బార్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో సమాచారం అందించుకోవడానికి వాడిన తీరును 2000 దశకం మొదట్లో వైద్యరంగంలోకి తెచ్చారు. ఇప్పుడు ఏం జరుగుతోంది, ముందు కథ ఏమిటి, నా అంచనా ఏమిటి, మీ నుంచి నాకు ఏం కావాలి, ఇదే వరస. శిక్షణలో ఆమె విన్నదే. కానీ చివరి రెండూ ఎప్పుడూ పలకలేదు. అంచనా చెప్పడం, కావలసింది అడగడం డాక్టరు పనిలో వేలు పెట్టడమే అనుకునేది.

నేను నిద్రలోంచి లేచి విసుక్కునే సర్జన్‌ని. ఆమె ఆ సిస్టర్. మొదటి ప్రయత్నం "సారీ సార్, ఈ టైములో" తో మొదలైంది, అక్కడే ఆపేశాను. మరికొన్ని ప్రయత్నాల తర్వాత ఇలా వచ్చింది:

"సార్, హెచ్‌డీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని మాట్లాడుతున్నాను, నాలుగో బెడ్ గురించి. రెండు గంటలుగా యూరిన్ గంటకు 20 మిల్లీలీటర్లే వస్తోంది. పల్స్ 118, బీపీ 94 బై 60. నిన్న పేగు ఆపరేషన్ అయింది, సాయంత్రం బీపీ 120 బై 80 ఉంది. మనిషి బరువు 60 కిలోలు. లోపల రక్తస్రావం అవుతోందేమోనని నాకు అనుమానంగా ఉంది. మీరు వచ్చి చూడాలి. ఈలోగా సెలైన్ ఎంత ఎక్కించమంటారు?"

"హిమోగ్లోబిన్ ఎంత?" అన్నాను గట్టిగా.

పాత ఆమె ఏదో ఒక అంకె చెప్పేసేది. ఒక క్షణం ఆగింది. "ఇప్పటిది నా దగ్గర లేదు సార్. పొద్దున 11. ఇప్పుడే శాంపిల్ పంపించమంటారా?"

కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. ఆ "నా దగ్గర లేదు" అన్న మాట ఆమె ఎంత నింపాదిగా అందంటే, సర్జన్‌గా కూర్చున్న నాకు ఎదుటి మనిషి మీద నమ్మకం పెరిగింది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. లేని అంకె చెప్పినప్పుడు వచ్చే నమ్మకం కంటే, లేదని స్పష్టంగా చెప్పినప్పుడు వచ్చే నమ్మకం ఎక్కువని ఆమె ఆ రోజు అవతలి మనిషి నోటి నుంచి మొదటిసారి విన్నది. డాక్టరు చెప్పిన ఆర్డరును మళ్లీ ఆయనకే చదివి వినిపించి ఫోన్ పెట్టడం కూడా అలవాటు చేశాం. దానివల్ల ధ్యాస తన గొంతు మీద నుంచి అవతలి మాటల మీదికి తప్పనిసరిగా మళ్లుతుంది.

లినెన్ గది రద్దు. వాక్యం రాసుకోవడం రద్దు. అంకెలు మాత్రం కేస్ షీట్ ముందు పెట్టుకుని చెప్పవచ్చు.

ఆ రెండు వారాలు

చిన్న నోటుపుస్తకంలో రెండు వైపులా రాయమన్నాను. ఎడమవైపు ఏం జరుగుతుందని భయం, 0 నుంచి 100 దాకా ఎంత. కుడివైపు జరిగింది ఏమిటి. కుడివైపు తన భావాలు రాయకూడదు, వీడియో తీస్తే అందులో కనిపించేవి, వినిపించేవి మాత్రమే రాయాలి.

మొదటి రెండు మూడు రోజులు బరువుగా గడిచాయి. నెమ్మదిగా నడవాలని గుర్తుచేసుకుంటూ నడవడం ఎంత కష్టమో చెప్పింది. నాలుగో రోజు డాక్టరుకు నిజంగానే ఫోన్ చేయవలసి వచ్చింది. ఎడమవైపు: "సార్ తిడతారు, 90." కుడివైపు: "విసుక్కున్నారు. రెండు ప్రశ్నలు అడిగారు. ఒకదానికి తెలియదు అన్నాను. కనుక్కో అన్నారు. నలభై నిమిషాల్లో వచ్చారు."

ఆ వార్డులో ఎన్నో ఏళ్ల నుంచి ఉన్న ఆయా ఒకామె ఈమె మాట లెక్కచేసేది కాదు. ముసుగు రోజుల్లో గొంతు పెంచి ఆజ్ఞాపిస్తే ఆ పెద్దావిడ ఇంకా మొండికేసేది. ఆ సిస్టర్‌కు కుతూహలం ఎక్కువ కదా, వెళ్లి అడిగింది: "అమ్మా, ఈ పేషెంటును పక్కకు తిప్పేటప్పుడు నొప్పి తెలియకుండా మీరు ఎలా తిప్పుతారు? మా పిల్లలకు చూపిస్తారా?" ఆవిడ చూపించింది. ఆ తర్వాత బెడ్‌షీట్లు మార్చడానికి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదని కుడివైపు రాసి ఉంది. ఎడమవైపు 70.

ఇంట్లో కూడా పాత్ర నడవాలి, కెల్లీ పద్ధతిలో అది ముఖ్యం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, వంట అయ్యాకే పడుకోవడం ఆమె అలవాటు, ఎవరూ అడగకపోయినా. ఆ సిస్టర్ అత్తగారితో, "అత్తయ్యా, రాత్రంతా నిలబడే ఉన్నాను, ఒంటిగంట దాకా పడుకుంటాను" అంది. "పడుకో అమ్మా, నేను అన్నం పెట్టేస్తాలే" అందట ఆవిడ. ఎడమవైపు 60 ఉంది. కుడివైపు చదువుతూ ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లూ ఎవరూ వద్దనలేదు, తనే అడగలేదు.

అన్నీ ఇలా సాఫీగా సాగలేదు. ఒక సీనియర్ కన్సల్టెంటు రౌండ్స్‌లో అందరి ముందు, "తెలియదని చెప్పడానికా మిమ్మల్ని ఇన్‌ఛార్జ్ చేసింది?" అన్నారు. ఆ రోజు ఆమె పాత్రలో నిలబడలేకపోయింది. ముఖం వేడెక్కింది, మాట పెగల్లేదు, మధ్యాహ్నం భోజనం చేయలేదు. మేము ఆ సంఘటన మీద ఒక సెషన్ అంతా కూర్చున్నాం. ఆయన మాట తప్పు అని నేను దాపరికం లేకుండా చెప్పాను. చికిత్సలో తటస్థంగా ఉండాలంటారు, కానీ తెలియనిది తెలియదన్న నర్సును అవమానించే చోట రేపు ఇంకో నర్సు తెలిసినట్టు చెబుతుంది, దాని ఫలితం బెడ్ మీద ఉన్నవాళ్లు అనుభవిస్తారు. ఆ కన్సల్టెంటుతో ఏం అనాలో సాధన చేశాం: "రెండు నిమిషాల్లో చూసి చెబుతాను సార్." అంతే, ఇంకేమీ కలపకూడదు. తర్వాతి వారం ఆ మాట అనగలిగింది. ఆయన ఏమీ మారలేదు.

తర్వాత

గడువు అయ్యాక పాత్రకు సెలవు ఇచ్చాం. ఆ సిస్టర్ దగ్గర ఏం ఉంచుకుంటారు, ఏం తిరిగి ఇచ్చేస్తారు అని అడిగాను. నెమ్మది నడక ఇచ్చేసింది, "నేను మొదటి నుంచీ చురుకుగా నడిచే మనిషినే, అది భయం వల్ల కాదు" అంది. ఫోన్ మొదలుపెట్టే తీరు, అడిగే అలవాటు ఉంచుకుంది. ఈ ఎంపిక నాకు చాలా విలువైనదిగా అనిపించింది. ముసుగు అయితే ఎక్కడ తీయాలో మనిషికి తెలియదు. వేషం అని తెలిసి వేసుకుంటే, ఏది తనకు సరిపోయిందో తనే తేల్చుకోగలదు.

మొత్తం పని సుమారు నాలుగు నెలలు సాగింది. చివర్లో జీఏడీ-7 మీద 6 వచ్చింది. నిద్ర బాగుపడింది. బాధ్యత వద్దన్న లేఖను ఏదో ఒక రోజు చించేసిందట, ఎప్పుడో తనకే గుర్తులేదు. ఏబీజీ రిపోర్టు ఇప్పుడు తనే చదివి, తర్వాత డాక్టరు చదివినదానితో పోల్చుకుంటోంది. వెంటిలేటర్ ఇంకా "సాయం కావాలి" గడిలోనే ఉంది. రౌండ్స్ ముందు నోరు ఎండిపోవడం పూర్తిగా పోలేదు. దాన్ని ఇప్పుడు ఉపద్రవానికి సూచనగా తీసుకోవడం లేదు, మంచినీళ్లు తాగి వెళుతోంది. తన వార్డులో షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో ఒక ప్రశ్న చేర్చింది: ఈ షిఫ్టులో మీకు ఖచ్చితంగా తెలియనిది ఏమిటి? మొదటి జవాబు ఇన్‌ఛార్జ్‌గా తనే చెబుతోంది.

ఈ పద్ధతిని నేను అందరికీ వాడను. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు పాత్ర వేయడం మనిషికి ఇంకో మోయలేని బరువు అవుతుంది, ముందు దానికి చికిత్స జరగాలి. బైపోలార్ సమస్య ఉండి ఉత్సాహం అప్పటికే హద్దు దాటుతున్నవాళ్లకు అసలే వాడను. నైపుణ్యం నిజంగా లేనివాళ్లను, ఉదాహరణకు శిక్షణ లేకుండా యంత్రం మీద నిలబెట్టినవాళ్లను, పాత్ర పేరుతో పనిలోకి నెట్టను, శిక్షణ అడిగే లేఖ రాయడానికి సాయం చేస్తాను. పైవాళ్లు వేధిస్తున్న చోట, భయం సరైన సమాచారమే ఇస్తున్నప్పుడు, ఆ భయాన్ని కప్పిపుచ్చే నటన నేర్పను. అలాంటప్పుడు పనిచేసే చోటి అంతర్గత ఫిర్యాదుల కమిటీ గురించి, చట్టపరమైన దారుల గురించి మాట్లాడతాం. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఆ కమిటీ ఉండి తీరాలి. తమ సంస్థలో అది ఉందని కూడా తెలియకుండా నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు, అందుకే మొదటి సెషన్‌లోనే అడుగుతాను.